జానకిరామయ్య నాలుక మీద మట్టి

మట్టిగడ్డ నోట్లో వేసుకుని అది ఏ ఊరి మట్టో చెప్పగలిగిన మనిషి ఎక్కడైనా ఉంటాడా, పిల్లలూ?

ఉండడంటారా? తొందరపడకండి. మట్టిని పంటి కింద పెట్టుకుంటే కొంత తెలుస్తుంది, ఆ మాట నిజమే. కరకరలాడితే ఇసుక కలిసిందని, వెన్నలా జారిపోతే మెత్తటి బంకమట్టి అని. అంతవరకు ఎవరైనా చెప్పొచ్చు. మీ అమ్మ చూడకుండా ఉంటే మీరైనా చెప్పొచ్చు. ఆ పైన చెప్పేదంతా కోతే. నిజం ఎక్కడ ఆగిందో కోత ఎక్కడ మొదలైందో తెలియకుండా చెప్పగలిగిన ఒకాయన కథ, ఈ ఉసిరికాయలకి గాట్లు పెట్టడం కాసేపు ఆపి చెబుతాను, వినండి.

ఆయన పేరు జానకిరామయ్య. పంతొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం మాట. ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే రోడ్డు మీద తుమ్మలమిట్ట అనే ఊళ్లో ఉండేవాడు. గూడూరు వైపు ఒక పింగాణి ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేసి, దుమ్ముకి దగ్గు పట్టుకుంటే మానేసి సొంత ఊరికి వచ్చేశాడు.

ఆ ఫ్యాక్టరీలో నమూనాల గది అని ఒకటుండేది. ఎక్కడెక్కడి మట్టో సంచుల్లో అక్కడికి వచ్చేది. ఇది కప్పులకి పనికొస్తుందా, పెంకులకి పనికొస్తుందా, దేనికీ పనికిరాదా అని అక్కడ తేల్చేవాళ్లు. ఎలా తేల్చేవాళ్లంటే, ముందు మట్టిని తడిపి, బాగా పిసికి, పెన్సిలంత లావున తాడులా చేసి వేలికి చుట్టేవాళ్లు. పగుళ్లు రాకుండా చుట్టుకుంటే దానికి సాగే గుణం ఉన్నట్టు. తర్వాత బిళ్ల చేసి, దాని మీద పది సెంటీమీటర్ల గీత గీసి ఆరబెట్టేవాళ్లు. ఆరాక ఆ గీత తొమ్మిదికి వచ్చిందనుకోండి, మట్టి పదో వంతు కుంచించుకుపోయినట్టు. మరీ ఎక్కువ కుంచించుకుపోతే వస్తువు వంకర్లు పోతుంది, చీలిపోతుంది. ఆ తర్వాత కాల్చి రంగు చూసేవాళ్లు, నీళ్లలో వేసి ఎంత పీలుస్తుందో చూసేవాళ్లు.

ఇదంతా జానకిరామయ్య పదకొండేళ్లు కళ్లారా చూశాడు. చూశాడు, అంతే. ఆయన పని సంచుల మీద చీటీలు అంటించడం, గాజు గ్లాసులు కడిగి బోర్లించడం. ఆ పదకొండేళ్లలో ఒక్క మనిషి కూడా ఆయన వైపు తిరిగి, "ఏమయ్యా జానకిరామయ్యా, ఈ మట్టి నీకెలా అనిపిస్తోంది?" అని అడగలేదు.

ఊరికొచ్చాక అడిగారు. గౌస్ బాషా టీ కొట్టు ముందు బల్ల మీద ఆయన కూర్చుంటే చాలు, "బాబాయ్, ఇవాళ ఏ ఊరి మట్టి తిన్నావు?" అని ఎవరో ఒకరు కదిలించేవాళ్లు. నవ్వడానికే అడుగుతున్నారని ఆయనకీ తెలుసు. తెలిసీ చెప్పేవాడు. చెప్పేవాడికీ వినేవాళ్లకీ అది కోతేనని తెలిసినప్పుడు అందులో తప్పేముంది? అదొక ఆట. అందరూ కలిసి ఆడుకునేది.

చిక్కల్లా అమీర్‌బీతో వచ్చింది. ఆమెకి అది ఆట అని తెలియదు.

అమీర్‌బీకి ఊరి బయట ఎకరన్నర పొలం. భర్త పోయాక తనూ కూతురు జాన్‌బీ కలిసి మిరప వేసుకుని బతుకుతున్నారు. వరసగా రెండేళ్లు తోటకి ముడత తగిలి, ఆకులన్నీ దోసిలి పట్టినట్టు ముడుచుకుపోయి, చెట్టుకి నాలుగు కాయలు నిలవలేదు. అలాంటప్పుడు తాడేపల్లి నుంచి రామచంద్రమూర్తి అనే ఆయన జీపులో దిగాడు. చీమకుర్తి రోడ్డు పక్కన పెంకుల బట్టీ పెట్టాలని ఆయన ఆలోచన. పెంకులు అమ్మడం ఆయనకి బాగా తెలుసు, మట్టి సంగతి తెలియదు. అమీర్‌బీ పొలం రోడ్డుకి దగ్గర. ఆ పొలం మట్టి తవ్వుకోవడానికి ఇస్తే తల్లీకూతుళ్లిద్దరికీ బట్టీలో ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు.

నిలువెత్తు లోతున తవ్వుకుపోయిన పొలం మళ్లీ పొలం కాదు. ఆ సంగతి అమీర్‌బీకి ఒకరు చెప్పాలా? మట్టి మంచిదైతే బట్టీ నిలుస్తుంది, తమ పనీ నిలుస్తుంది. మంచిది కాకపోతే నాలుగు నెలలకి బట్టీ మూసేసి ఆయన దారిన ఆయన పోతాడు, తమకి గుంట మిగులుతుంది. అందుకని ఆమె ఒకటే మాట అంది. "జానకిరామయ్యగారు చూసి మంచిదంటే ఇస్తానండీ."

జానకిరామయ్యని పిలిచారు. ఆయన గట్టు మీద నిలబడి, వంగి, ఒక గడ్డ తీసి, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచి, "ఫస్ట్ క్లాసు" అన్నాడు. నిమిషం కూడా పట్టలేదు.

అది సోమవారం. గురువారం మధ్యాహ్నం కూలీలతో వచ్చి తవ్వకం మొదలుపెడతానని చెప్పి రామచంద్రమూర్తి వెళ్లాడు. మన కథ జరిగింది ఆ గురువారం పొద్దున.

ఆషాఢం. వాన పడీ పడనట్టుంది. గౌస్ బాషా కొట్టు దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. ట్రాక్టరు డ్రైవరు ఇమ్మానియేలు బల్ల చివర కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అమీర్‌బీ కూడా వచ్చింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు టీ కొట్టు దగ్గర ఆగే అలవాటు లేదు. ఆమె పందిరి గుంజకి ఇవతల, కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. పొలం చేతులు మారేముందు ఇంకొక్కసారి ఆయన నోటితో విని వెళ్దామని వచ్చింది పాపం.

జానకిరామయ్య ఆమెని చూశాడు. చూసి కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"ఏం బాబాయ్, ఇవాళ అమీర్‌బీ పొలం తవ్వుతున్నారంట. నీ మాట మీదేనంటగా?" అన్నాడు ఇమ్మానియేలు.

"నా మాట మీద కాక నీ మాట మీద తవ్వుతారట్రా?" అని ముక్కుపొడుం పట్టు పట్టి, చేయి పంచెకి తుడుచుకుని మొదలుపెట్టాడు జానకిరామయ్య. "ఒరేయ్, నేను ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో ఏం జరిగిందో చెబుతా విను. ఒకరోజు పన్నెండు సంచులొచ్చి పడ్డాయి, దారిలో వానకి తడిసి రెండు సంచుల చీటీలు ఊడిపోయాయి, ఏది ఏ ఊరిదో తెలియక సూపర్‌వైజరు తల పట్టుక్కూర్చున్నాడు. నేను చిటికెడు చిటికెడు తీసి పంటి కింద పెట్టాను. ఒకటి కరకరలాడింది, ఒకటి జారిపోయింది. కరకరలాడింది ఏటి ఒడ్డుది, జారింది కొండ కిందది అన్నాను. రెండ్రోజులకి కాగితాలు వచ్చాయి. చూస్తే నేను చెప్పిందే కరెక్టు!"

ఇది నిజంగా జరిగింది, పిల్లలూ. కాకపోతే ఆ మాట ఆయన పైకి అనలేదు, లోపల అనుకున్నాడు. కాగితాలు వచ్చాక అది సరిపోయిందని సంతోషపడింది కూడా ఆయనొక్కడే.

"బాగుంది పెద్దాయనా. అంతేనా?" అన్నాడు గౌస్ బాషా టీ తిరగపోస్తూ.

ఆ "అంతేనా" అన్న మాట ఆయనకి గుచ్చుకుంది.

"అంతేనా అంటావేంట్రా గౌసూ! అసలు సంగతి వింటేగా? దాంతో సూపర్‌వైజరుకి అనుమానమొచ్చి నా కళ్లకి తుండు గట్టాడు. పన్నెండు గడ్డలు వరసగా పెట్టాడు. నేను ఒక్కొక్కటే నాలిక మీద పెట్టుకోవడం, ఊరు చెప్పడం. మొదటిది చెప్పాను. రెండోది చెప్పాను. నాలుగో గడ్డ దగ్గర ఊరితో పాటు సర్వే నంబరు చెప్పాను. ఏడో గడ్డ దగ్గర, ఈ పొలం దున్నింది జత ఎడ్లు, లోపలెద్దు ఎర్రది, బయటెద్దు మచ్చలది, మచ్చలదానికి కాస్త కుంటి అని చెప్పాను. మనిషిని పంపించి చూసి రమ్మన్నారు. ఎద్దు కుంటేనా కాదా?"

"కుంటే!" అన్నారు నలుగురూ ఒక్కసారి.

"కుంటే! ఎడమ కాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి జర్మనీ నుంచి ఒక దొర దిగాడు. వాళ్ల దేశం మట్టి తగరం డబ్బాలో పోసి, సీలేసి తెచ్చాడు. సీలు విప్పక్కర్లేదు, డబ్బా ఇలా ఇవ్వమన్నాను. పైన ఒక్కసారి నాకాను. అయ్యా, ఇందులో సగమే మీ దేశానిది, సగం మీ అత్తగారింటి పెరట్లోది, అది కూడా మీకు తెలియకుండా మీ బావమరిది కలిపాడు అన్నాను. ఆ మనిషి కుర్చీలోంచి లేచి, నా రెండు చేతులూ పట్టుకుని, వాళ్ల భాషలో ఒకటే ఏడుపు!"

"మరి నీకు వాళ్ల భాష ఎలా అర్థమైంది బాబాయ్?"

"ఏడుపుకి భాషేంట్రా, వెర్రినాగన్నా!"

గౌస్ బాషా పొయ్యి దగ్గర నవ్వలేక వంగిపోయాడు. చీమకుర్తి నుంచి రాతిబండలేసుకున్న లారీ ఒకటి పోతుంటే కొట్టులో గ్లాసులన్నీ గలగలలాడాయి. అది తనకి చప్పట్లయినట్టు కాసేపు ఆగాడు జానకిరామయ్య. ఆగి, గుంజ వైపు చూశాడు. అమీర్‌బీ నవ్వడం లేదు. మేష్టరు పాఠం చెబుతుంటే వెనక వరసలో కూర్చున్న పిల్ల వింటుంది చూడండి, ఒక్క ముక్క పోగొట్టుకోకూడదన్నట్టు, అలా వింటోంది.

ఆయనకి అదొకలా అనిపించింది. కానీ బండి అప్పటికే పల్లంలో పడింది, ఆపడం తేలిక కాదు.

"సాగే మట్టి సంగతి చెప్పలేదు కదూ మీకు? ఫ్యాక్టరీలో వేలికి చుట్టి చూసేవాళ్లం. కొన్ని మట్లు వేలికే చీలిపోతాయి. నేను కొండల్లో తిరిగి ఒక మట్టి కనిపెట్టాను. తాడు చేశాను, వేలికి చుట్టాను, చీలలేదు. చేతికి చుట్టాను, చీలలేదు. స్తంభానికి చుట్టాను. ఇలా కాదని, ఇదుగో ఇలాంటి లారీయే ఒకటి పోతుంటే తాడు కొస దాని కొక్కేనికి తగిలించి, రెండో కొస నేను పట్టుకున్నాను. లారీ పోతోంది, తాడు సాగుతోంది. లారీ ఊరు దాటింది, తాడు సాగుతోంది. లారీ చీమకుర్తిలో ఆగి డ్రైవరు భోజనం చేశాడు. తాడు దారమంత అయిందిగాని ఎక్కడా పుటుక్కుమనలేదు. దారి పొడుగునా ఊళ్లలో ఆడవాళ్లు దాని మీద బట్టలారేసుకున్నారు!"

"కాకులు వాలలేదా బాబాయ్?"

"వాలకేం, వాలినవి లేవలేదు. జిగురు అలాంటిది మరి!"

"అయితే బట్టలు?"

"బట్టలు కూడా లేవలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, నీకు లుంగీ కావాలంటే వెళ్లి తెచ్చుకో."

ఇమ్మానియేలు తొడ చరుచుకున్నాడు. జానకిరామయ్య గొంతు ఇంకొంచెం పెంచాడు.

"ఆ మట్టి సాగేదైతే, కుంచించుకుపోయే మట్టి ఇంకోటి చూశాను. మన నల్లరేగడే. ఎండాకాలం కాలు దిగబడేంత నెర్రెలిస్తుందా లేదా? అలాంటి నల్లరేగడితో ఒకాయన, పేరెందుకులే, పెద్దమనిషి, ఎవరు చెప్పినా వినకుండా వానాకాలంలో పది గదుల ఇల్లు కట్టాడు. వద్దురా బాబూ, దీని గీత పదికి ఆరొస్తుంది అని నేను మొత్తుకున్నాను. వింటేగా? గృహప్రవేశం అయింది. ఎండలొచ్చాయి. మాఘంలో ఇంట్లోకి వంగి వెళ్లేవాళ్లు. ఫాల్గుణంలో పాకుతూ వెళ్లేవాళ్లు. చైత్రంలో పడుకున్నవాళ్లు పొద్దున లేచి చూసుకుంటే తలలు కిటికీల్లోంచి బయట, కాళ్లు గుమ్మంలోంచి బయట! ఆవు కొట్టంలోనే ఇరుక్కుపోయింది, పాలు పితకాలంటే గోడకి బెజ్జం పెట్టారు. వైశాఖం వచ్చేసరికి ఆ పది గదుల ఇల్లు ఇదుగో, ఈ పొడుం డబ్బాలో పట్టింది!"

డబ్బా పైకెత్తి చూపించాడు. జనం ఘొల్లుమన్నారు.

"ఆ ఇంట్లోవాళ్లు బయటపడ్డారా అయ్యగారూ?" అంది అమీర్‌బీ.

నిజంగానే అడిగింది. గొంతులో కంగారు ఉంది. ఎవరూ ఆమె మాట పట్టించుకోలేదు గాని జానకిరామయ్యకి వినబడింది. పొడుం డబ్బా పట్టుకున్న చేయి నెమ్మదిగా కిందికి దిగింది.

"పడ్డారులేమ్మా. అందరూ క్షేమమే," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియలేదు. కోతలో చిక్కుకున్నవాళ్లని అంతకుముందు ఆయన ఎప్పుడూ బయటికి తియ్యలేదు.

అక్కడ ఆపేసి ఉంటే సరిపోయేది. కానీ ఇమ్మానియేలు ఊరుకోలేదు. "మరి అమీర్‌బీ పొలం మట్టో? అది డబ్బాలో పడుతుందా, లారీకి కడతావా?"

అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. పదకొండేళ్లు ఎవరి కళ్లూ పడని మనిషి కదా.

"ఆ మట్టా?" అన్నాడు జానకిరామయ్య. "ఒరేయ్, ఆ మట్టికి సాటి లేదు. దాంతో కాల్చిన పెంకుని ఒంగోలు స్టేషన్లో గోటితో మీటితే గంట కొట్టారనుకుని మద్రాసు రైలు బయల్దేరుతుంది. ఆ పెంకు కప్పిన ఇంట్లోకి ఎండ రావాలంటే తలుపు కొట్టి అడిగి రావాలి. ఇన్నేళ్లలో ఎన్ని మట్లు నాలిక మీద పెట్టుకున్నానో, అన్నీ నేనడిగితే చెప్పినవే. ఇదొక్కటే తనంతట తాను చెప్పింది. సోమవారం గట్టు మీద ఆ గడ్డ నాలికకి తగిలిందో లేదో, జానకిరామయ్యా, నేనిక్కడే పుట్టాను, ఈ పొలంలోనే, మా తాత ముత్తాతలందరూ ఇక్కడే, ముప్ఫై అడుగుల లోతుకి వెళ్లినా మేమే ఉంటాం, ఒక్క గులకరాయి ఉండదు అంది. మట్టి అబద్ధమాడదురా. మనుషులాడతారు గాని."

"అయ్యగారూ, ఒక్క మాట అడగొచ్చా అండీ?"

ఈసారి అందరికీ వినబడింది. అమీర్‌బీ గుంజ వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది.

"అడుగమ్మా."

"మీరు సోమవారం తీసిన గడ్డ మా పొలంది కాదు కదండీ. మొన్న వేసవిలో చెరువు ఎండితే అందరం చెరువు మట్టి తోలించుకున్నాం. ఈసారైనా మిరప నిలుస్తుందేమోనని నేనూ జానెడు మందాన పొలమంతా పరిపించాను. మీరు నాలిక మీద పెట్టుకుంది ఆ మట్టే. మీకు ఆ సంగతి తెలిసిపోయి ఉంటుంది, దాన్ని పక్కనబెట్టి కింది మట్టి గురించి చెప్పుంటారు అనుకుని నేను ఊరుకున్నానండీ. ఇప్పుడేమో ఆ గడ్డే నేనిక్కడ పుట్టానని చెప్పిందంటున్నారు. మరి కింద ఉన్నది ఏం మట్టండీ?"

గౌస్ బాషా చేతిలో టీ ధార గాల్లో ఆగిపోయింది.

"ఓరి నాయనో!" అన్నాడు ఇమ్మానియేలు. "ఆ మట్టి తోలింది నా ట్రాక్టరే కదా! బాబాయ్, కుంటెద్దుని కనిపెట్టినోడివి, నా ట్రాక్టరుని కనిపెట్టలేకపోయావా?"

అంతే, కొట్టు కొట్టంతా నవ్వు. బల్ల కదిలిపోయేంత నవ్వు.

మీకు ఒక అనుమానం రావాలి ఇక్కడ. ఊరందరికీ తెలిసిన సంగతి ఆయనకెలా తెలియలేదు? ఆ వైశాఖమంతా జానకిరామయ్య దగ్గు తగ్గుతుందని కొత్తపట్నంలో వాళ్ల అక్కగారింట్లో సముద్రపు గాలికి ఉన్నాడు. మరి తెలిసినవాళ్లు ఎందుకు చెప్పలేదు? అంత తెలిసిన మనిషికి ఇది చెప్పాలా అనుకున్నారు. ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ట్రాక్టరు తోలినవాడు కూడా.

ఇంకొక సంగతి గమనించండి. ఆయన నాలుక తప్పు చెప్పలేదు. చెరువు అడుగున పేరుకునే మట్టి మెత్తటిదే, మంచిదే. కానీ అది జానెడే. దాని కింద ఏముందో నాలుకకి ఎలా తెలుస్తుంది?

జానకిరామయ్య కూడా నవ్వాడు మొదట. ఎందుకంటే జవాబు అప్పటికే తయారుగా ఉంది. చెరువు మట్టి ఎక్కడినుంచి వచ్చింది? వానకి పొలాల్లోంచి కొట్టుకొచ్చిందే కదా, అంటే తాతల నాడు పొలం వదిలి వెళ్లిన మట్టి మళ్లీ పుట్టింటికొచ్చింది, అదే నాతో చెప్పింది అంటే సరి. పొలం మీద బెంగతో ఆ మట్టి చెరువులో ఎన్నేళ్లు ఏడ్చిందో కూడా చెప్పొచ్చు. జనం ఇంకోసారి ఘొల్లుమంటారు. ఇమ్మానియేలు దండం పెడతాడు. టీ వస్తుంది.

మాట పెదవి దాకా వచ్చింది. అప్పుడు అమీర్‌బీ వైపు చూశాడు. ఆమె జవాబు కోసం చూస్తోంది. ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఇంత నవ్వులో, ఇంత ఎగతాళిలో కూడా ఆమెకి ఆయన మీద నమ్మకం పోలేదు. మధ్యాహ్నానికి జీపు వస్తుంది.

"నాకు తెలియదమ్మా," అన్నాడు జానకిరామయ్య.

ఆ బల్ల మీద కూర్చుని ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. జనానికి నవ్వాలో మానాలో తెలియలేదు.

ఆయన లేచాడు. "గౌసూ, నీ గడ్డపార ఇలా ఇవ్వు. పార కూడా." రెండూ భుజాన వేసుకుని రోడ్డు దిగి పొలం వైపు నడిచాడు. వెనకాల అమీర్‌బీ, ఆ వెనక ఇమ్మానియేలు, ఇంకో ఇద్దరు ముగ్గురు.

నమూనాల గదిలో మట్టి చూసేవాళ్లు ఒక మాట ఎప్పుడూ అనేవాళ్లట. సంచిలో మట్టి ఎంత బాగున్నా, గుంట చూడకుండా సంతకం పెట్టకూడదు. పొలం మధ్యలో గుంట తవ్వాలి. అడుగు అడుగుకీ ఆగి, మట్టి మారిందేమో చూడాలి, ఏ అడుగుది ఆ అడుగు విడిగా పెట్టాలి. జానకిరామయ్య అదే చేశాడు. యాభై దాటిన మనిషి, దగ్గు మనిషి. ఇమ్మానియేలు పార అందుకోబోతే ఇవ్వలేదు.

జానెడు వరకు చెరువు మట్టి, పారకి మెత్తగా తెగింది. దాని కింద నల్లరేగడి, గట్టిగా, మెరుస్తూ. రెండో అడుగులో ఆ నలుపు మధ్య తెల్లగా ఏవో కనబడ్డాయి. మూడో అడుగులో ఎక్కువయ్యాయి. నాలుగో అడుగుకి వచ్చేసరికి నల్లటి మట్టి నిండా మరమరాలు చల్లినట్టు సున్నపు గులకలు.

ఆయన ఒక గులక తీసి అరచేతిలో పెట్టుకుని అమీర్‌బీకి చూపించాడు. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "ఇదుగోమ్మా. నల్లరేగడి ఆరేటప్పుడు చీలుతుంది. చీలకుండా ఏదో కలిపి కాల్చారే అనుకో, ఈ సున్నపు గులకలు పెంకు లోపల కాలి కూర్చుంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇంటి మీద వేశాక చెమ్మ తగిలి, లోపల సున్నం ఉబ్బి, పెంకు పెచ్చులు లేచిపోతుంది. ఒక వానాకాలం నిలవదు. ఈ మట్టి బట్టీకి పనికిరాదు."

అప్పుడే రోడ్డు మీద జీపు ఆగింది. రామచంద్రమూర్తి గట్టు మీదికి వచ్చి, గుంటలో రొమ్ము లోతున నిలబడ్డ మనిషిని చూసి, "ఏమండీ, మేం రాకుండానే మొదలుపెట్టారే!" అన్నాడు నవ్వుతూ.

"తవ్వకండి. నేను సోమవారం చెప్పింది తప్పు," అన్నాడు జానకిరామయ్య. గులకలు చూపించాడు, చెరువు మట్టి సంగతి చెప్పాడు.

రామచంద్రమూర్తి మొహం ఎర్రబడింది. "కూలీల్ని తీసుకుని ఇంత దూరం వచ్చాక చెబుతారా? పదకొండేళ్ల అనుభవం అన్నారు కదండీ మీ ఊళ్లో అందరూ! ఏం చేసేవారు మీరు ఆ ఫ్యాక్టరీలో?"

గట్టు మీద ఇమ్మానియేలు ఉన్నాడు, గౌస్ బాషా కూడా కొట్టు వదిలి వచ్చి నిలబడ్డాడు. ఏదైనా చెప్పొచ్చు. జర్మనీ దొర ఇంకా పొద్దున్నుంచి నాలుక చివరే ఉన్నాడు.

"సంచుల మీద చీటీలు అంటించేవాణ్ణండీ," అన్నాడు. "గ్లాసులు కడిగేవాణ్ణి."

ఎవరూ నవ్వలేదు. రామచంద్రమూర్తి గుంటలోకి ఒకసారి తొంగి చూసి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో బట్టీ ఆ తర్వాత ఎవరూ పెట్టలేదు.

జానకిరామయ్య గుంటలోంచి పైకి రాలేక గట్టు పట్టుకుని రొప్పుతున్నాడు. అమీర్‌బీ చేయందించలేదు, దండం పెట్టలేదు, మీ మేలు మరిచిపోనని అనలేదు. గుంట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అంది, "ఇది పూడ్చేదెవరండీ?"

"నేనే పూడుస్తానమ్మా."

"ఇష్టమొచ్చినట్టు పూడిస్తే కుదరదు. సున్నపు మట్టి అడుక్కే పోవాలి. నల్లమట్టి దాని మీదకి రావాలి. చెరువు మట్టి ఒక్క పిసరు కూడా కిందికి పోకూడదు, పైనే ఉండాలి. వచ్చే వారం నారు పెడుతున్నాను."

అడుగు అడుగుకీ విడివిడిగా పెట్టిన కుప్పలు నాలుగూ అక్కడే ఉన్నాయి కనుక సరిపోయింది. ఏ కుప్ప ఏ లోతుదో ఆమె అడుగుతుంటే ఆయన చెబుతూ, ఒక్కొక్కటే లోపలికి లాగాడు. చివర చెరువు మట్టిని ఆమె తనే చేత్తో సర్దింది. ఆ యేడు మిరప మరీ విరగకాయలేదు గాని ఓ మోస్తరుగా నిలిచింది.

ఆ తర్వాత ఆయన కోతలు మానేశాడా అంటారా? మానడం కూడానా! పది రోజులు కొట్టు దగ్గరికి రాలేదు. పదకొండో రోజు వచ్చాడు. ఇమ్మానియేలు కదిలించాడు. నెల తిరిగేసరికి ఆ గుంట ముప్ఫై అడుగులైంది. దసరాకి అరవై అయింది, అడుగున నీళ్లు పడ్డాయి, ఆ నీళ్లలో ఓడలు తిరుగుతున్నాయి, ఓడలో ఎవరో "ఎవరయ్యా పైన, మా మీద మట్టి పోస్తున్నారు?" అని కేకేశారు.

ఒకరోజు అలా ఓడల దాకా వచ్చాక, అమీర్‌బీ పచ్చిమిరపకాయల తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతూ ఆగింది.

"ఎన్నడుగులు తవ్వారండీ ఆ రోజు?" అంది.

"నాలుగమ్మా," అన్నాడు జానకిరామయ్య.

"ఇందాక అరవై అన్నావుగా బాబాయ్!" అన్నాడు ఇమ్మానియేలు.

"నాలుగేరా," అన్నాడాయన. ఆమె రోడ్డు మలుపు తిరిగేదాకా మళ్లీ నోరెత్తలేదు.

సరే, లేవండి. ఉసిరికాయలకి గాట్లు పెట్టడం సగంలో ఉంది. గాట్లు పెట్టిన కాయలు అలా వదిలేస్తే నల్లబడిపోతాయి, నేను వెళ్లి ఆ మిగిలినవి చూసుకుంటాను.